పురిటికి ఏ చీర?

సీమంతానికి ఏ చీర కట్టాలన్నది మన యిళ్ళలో రెండు నెలల ముందునుంచే చర్చకు వస్తుంది. పుట్టింటివారు పెట్టింది కట్టాలా, అత్తింటివారు కొన్నది కట్టాలా, కంచిపట్టయితే ఏడు నెలల మనిషికి బరువు కాదా, జాకెట్టు వదులు చేయించాలా — అన్నిటికీ ఎవరో ఒకరు సమాధానం చెబుతారు. బిడ్డను తొట్టెలో వేసేనాడు కట్టుకోవలసిన చీర కూడా అప్పుడే బీరువాలోకి చేరిపోతుంది. మధ్యలో వున్న ఆ ఒక్కరోజు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. బిడ్డను కనేనాడు ఏం కట్టుకోవాలి?

పోయిన నెలలో ఒక పాఠకురాలు యీ ప్రశ్నే అడిగింది. ఏడో నెలట. అత్తగారు "పాత నూలుచీర చాలు, మేమంతా అలాగే కన్నాం" అన్నారట. అక్కయ్య "నైటీ వేసుకో, చీరతో అవస్థ పడతావు" అందట. ఆస్పత్రివాళ్ళు యిచ్చిన కాగితంలో "గౌను మేమే యిస్తాము" అని ఒక్క ముక్క వుందట. "ముగ్గురిలో ఎవరి మాట వినాలో చెప్పండి. డాక్టరుగారిని అడుగుదామంటే నవ్వుతారేమోనని సిగ్గుగా వుంది" అని రాసింది.

నవ్వవలసిన ప్రశ్న కాదమ్మా యిది. నొప్పులు మొదలైన దగ్గరనుంచి బిడ్డ పుట్టేదాకా, తొలికాన్పయితే పన్నెండు గంటలు పట్టవచ్చు, యింకా ఎక్కువే పట్టవచ్చు. అంతసేపూ నడుస్తావు, కూర్చుంటావు, పక్కకు తిరిగి పడుకుంటావు, చెమటతో తడిసిపోతావు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి పరీక్ష చేస్తారు. అలాంటప్పుడు వంటిమీద ఏముందన్నది చిన్న విషయమెలా అవుతుంది? పరీక్షకు వెళుతూ ఏ కలం పట్టుకెళ్ళాలో పిల్లలు పదిసార్లు అడిగితే విసుక్కోకుండా చెబుతాం కదా!

ముందు అత్తగారి మాట చూద్దాం. మన పాతకాలపు పురిటిగదిలో కట్టబెట్టే చీర యింట్లోకెల్లా పాతది. కారణం మీకూ తెలుసు. పురుడంటే మైల. నెత్తురు మరకలు పడ్డ చీర మళ్ళీ యింట్లోకి రాదు, చాకలికి పోవలసిందే. అందుకని పనికిరాని చీర ఏదో చూసి యిచ్చేవారు. పొదుపుగా చూస్తే తప్పులేదు. పాత నూలుచీర మెత్తగా వుంటుంది, చెమట పీలుస్తుంది, వంటికి వొరుసుకోదు. కాని ఎక్కడో గూట్లో మూటగట్టి పడేసిన గుడ్డను దులిపి యివ్వడంలోనే చిక్కంతా వుండేది. మైల ఎలాగూ తప్పదు గనుక గుడ్డ శుభ్రంగా వుండనక్కరలేదని ఎవరూ పైకి అనకపోయినా, జరిగింది అదే. ఏ కత్తి దొరికితే ఆ కత్తితో బొడ్డు కోయడం, ఏ పీలిక దొరికితే ఆ పీలికతో కట్టడం. ఎన్ని యిళ్ళలో ఏడో రోజు దాటకుండా పసికందులు ధనుర్వాతంతో పోయారో లెక్క లేదు. గర్భిణులకు టీకాలు వేసి, ఆస్పత్రి కాన్పులు పెంచి, శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ పూయని బొడ్డు అని వూరూరా చెప్పగా చెప్పగా, తల్లులకూ పసిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది 2015లో.

ఇది మన మంత్రసానుల తప్పే అనుకుంటే పొరపాటు. చదువుకున్న దొరల దేశాల్లో డాక్టర్ల బట్టలే బాలింతల ప్రాణాలు తీశాయి. స్కాట్లండులో అబర్డీన్ అనే వూరుంది. అక్కడ అలెగ్జాండర్ గార్డన్ అనే డాక్టరు 1795లో ఒక పుస్తకం రాశాడు. పురిటిజ్వరం గాలివల్ల కాదు, ఒక బాలింత దగ్గరనుంచి యింకో బాలింత దగ్గరకు డాక్టర్లూ మంత్రసానులే మోసుకుపోతున్నారని చెప్పాడు. ఆ రోగి బట్టలూ పక్కబట్టలూ తగలబెట్టాలి, లేదా పూర్తిగా శుద్ధి చేయాలి, పురుడు పోసేవాళ్ళు ఒళ్ళు కడుక్కోవాలి, తమ బట్టలకు పొగ వేయించాలి అన్నాడు. తానూ ఆ పాపంలో పాలుపంచుకున్నవాడినేనని దాచకుండా రాశాడు. వూరు వూరంతా ఆయనమీద కోపగించుకుంది. చివరికి ఆయన ఆ వూరు విడిచి వెళ్ళిపోయాడు. మరో యాభయ్యేళ్ళకు, 1847లో, వియన్నాలో సెమ్మెల్‌వైస్ సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించి మరణాలు తగ్గించి చూపించాడు. ఆయన్నీ ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. శస్త్రవైద్యులు నెత్తుటి మరకల కోటునే తమ అనుభవానికి గుర్తుగా తొడుక్కు తిరిగిన రోజులవి!

కాబట్టి అత్తగారితో వాదించకు. ఆవిడ చెప్పిన పాతచీరే తీసుకో. వేడినీళ్ళలో సబ్బుపెట్టి వుతికి, ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టి, యిస్త్రీ చేసి, విడిగా మూటగట్టి వుంచు. నువ్వు కట్టుకోకపోయినా ఆ చీరతో పనుంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఇక అక్కయ్య చెప్పిన నైటీ. నా వోటు దీనికే. చీర మీద నాకు కోపమేమీ లేదు, నలభయ్యేళ్ళుగా కడుతున్నాను. కాని నొప్పులు పడేటప్పుడు కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం, లంగా బొందు పొట్టకు అడ్డం, జాకెట్టు బిగువు వూపిరికి అడ్డం. పరీక్ష చేయవలసి వచ్చిన ప్రతిసారీ యింత బట్ట ఎత్తాలి, మళ్ళీ సర్దాలి. నైటీ అయితే మోకాలి కిందిదాకా వుంటుంది, కాళ్ళకు దుప్పటి కప్పుకుని అవసరమైనంతే ఎత్తవచ్చు. నూలుదే కొనండి. జారిపోయే మెరుపు గుడ్డలు చూడ్డానికి బాగుంటాయి గాని చెమటకు వంటికి అతుక్కుంటాయి. చేతులు పొట్టిగా, వదులుగా వుండాలి, రక్తపుపోటు చూసే పట్టీ మోచేతి పైకి ఎక్కాలి కదా. ముఖ్యంగా ముందువైపు నడుము దాకా గుండీలో, జిప్పో వుండాలి.

ఆ గుండీలెందుకో చెబుతాను. ఒకప్పుడు బిడ్డ పుట్టగానే తీసుకుపోయి స్నానం చేయించి, పౌడరు రాసి, గంట తరువాత తల్లికి చూపించేవారు. ఇప్పుడు తల్లీబిడ్డా బాగుంటే బిడ్డను తుడిచి నేరుగా తల్లి గుండెలమీద బోర్లా పడుకోబెడతారు. మధ్యలో గుడ్డ వుండకూడదు, తల్లి వొళ్ళు బిడ్డ వొంటికి తగలాలి. పైన యిద్దరికీ కలిపి దుప్పటి. తల్లి వంటి వేడే బిడ్డను కాపాడుతుంది, మొదటి గంటలోనే పాలు పట్టడానికీ అదే దారి. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, నెలలు నిండని పసివాళ్ళకు వెచ్చబెట్టే పెట్టెలు చాలక, ఒక డాక్టరు ఆ పిల్లలను తల్లుల బట్టలలోపల రొమ్ములమధ్య నిలువుగా కట్టించాడు. తల్లి బట్టే ఆ పెట్టె పని చేసింది! కంగారూ పద్ధతి అని మన ఆస్పత్రుల్లో యిప్పుడు చేయిస్తున్నది అదే. మెడదాకా మూసుకుపోయిన నైటీ వేసుకువెళితే ఆ సమయంలో కత్తెర వెతుక్కోవాలి.

మూడోది ఆస్పత్రి గౌను. దీన్ని తేలిగ్గా తీసిపారేయకండి. అది వుతికి, వేడిలో శుద్ధి చేసి యిచ్చేది. మరకలు పడితే మీకు బెంగ లేదు. ఆపరేషనయితే అది తప్పదు కూడా. వెన్నులో మత్తు సూది వేయాలి గనుక వెనకవైపు తెరచి వుంటుంది. లోపం అక్కడే. మంచంమీద పడుకున్నంతసేపూ ఫరవాలేదు. లేచి నడిస్తేనే వస్తుంది అవస్థ.

ఒకసారి మా పక్కింటి అమ్మాయికి తోడుగా ఒక ఆస్పత్రికి వెళ్ళాను. పేరు అక్కరలేదు, అలాంటివి ఎన్నో వున్నాయి. ఆ పిల్ల నొప్పులకు పళ్ళు బిగించి వోర్చుకుంటోంది గాని ఒక్క మాట అనలేదు. పై అంతస్తుకు నడిపించుకు వెళ్ళాలన్నారు. వసారా నిండా మగవాళ్ళు, ఫ్లాస్కులు పట్టుకున్న చుట్టాలు. వెనక రెండు ముడులు మాత్రమే వున్న గౌనుతో ఆ అమ్మాయి గోడకు వీపు ఆనించి నిలబడిపోయింది. "పిన్నిగారూ, నేను రాను" అని అప్పుడు ఏడ్చింది, అంతసేపు నొప్పికి ఏడవని పిల్ల! నర్సమ్మకు అర్థం కాలేదు, "తొందరగా రావాలమ్మా" అని కేకేస్తోంది. గది తుడుస్తున్న ఆయాకు మాత్రం అర్థమైంది. ఒక గౌను తెచ్చి కోటులాగా ముందువైపు తెరుచుకునేటట్టు పైన తొడిగింది. రెండు గౌన్లు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. అంతే, ఆ అమ్మాయి నడిచి వెళ్ళింది. ఆయా చేతికి యేమైనా యివ్వబోతే తీసుకోలేదు. "నాకూ యిద్దరాడపిల్లలున్నారమ్మా" అంది.

ఇది అందరూ గుర్తుంచుకోవలసిన కిటుకు. రెండో గౌను అడగండి. లేదంటే మీ దుప్పటి మీరే తీసుకువెళ్ళండి. యిలా అడగడం గీరగా కనిపిస్తుందేమోనని కొందరు జంకుతారు. కాన్పు సమయంలో స్త్రీని అగౌరవంగా చూడకూడదని, అది ఆమె హక్కు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటన చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2016లో సర్కారు ఆస్పత్రులలో కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతించింది. 2017లో 'లక్ష్య' అనే పథకం పెట్టి, కాన్పు గదులలో మంచానికీ మంచానికీ మధ్య తెర వుండాలని, తల్లిని మర్యాదగా చూడాలని నియమాలు చేసింది. కాగితంమీద వున్నవన్నీ ప్రతి వూళ్ళోనూ అమలవుతున్నాయని నేను చెప్పను. వున్నాయని తెలిస్తే అడిగేటప్పుడు గొంతు వణకదు.

తోడు మనిషి సంగతి వచ్చింది గనుక యింకో మాట. నొప్పులు ముదిరిన తరువాత ఏ ఆడదానికీ తన బట్ట ఎక్కడుందో తెలియదు, తెలిసినా పట్టదు. అప్పుడు ఆ పట్టింపు తోడువున్న మనిషిది. వదినో, పిన్నో, తల్లో ఎవరైనా సరే, పరీక్ష అయిపోగానే దుప్పటి కిందికి లాగడం, తలుపు తీసిన ప్రతివాడికీ కనిపించకుండా తెర సర్దడం ఆవిడ పని. ఈ మాట ముందే ఆవిడ చెవిన వేయండి. చాలామంది తోడువెళ్ళినవాళ్ళు నడుం రుద్దుతారు, కాఫీ పోస్తారు, దేవుణ్ణి తలుచుకుంటారు, యీ ఒక్కటీ మరిచిపోతారు.

రంగు గురించి కూడా ఆ పాఠకురాలు అడిగింది. "ముదురు రంగుదైతే మరకలు కనపడవు కదా?" అని. పైన వేసుకునే నైటీ ఏ రంగైనా ఫరవాలేదు. లోపల పెట్టుకునే గుడ్డో, ప్యాడో మాత్రం తెల్లగా వుండాలి. ఉమ్మనీరు యింటిదగ్గరే పోయిందనుకోండి, డాక్టరు మొదట అడిగే ప్రశ్న "ఏ రంగుగా వుంది?" అనే. నీళ్ళలాగో, కాస్త గులాబి చాయగానో వుంటే ఒక సంగతి. ఆకుపచ్చగానో, గోధుమరంగుగానో వుంటే బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసి వుండవచ్చు. ఎర్రగా నెత్తురు పోతుంటే యింకో ప్రమాదం. ఈ రెండింటిలో ఏదైనా స్నానం, కాఫీ, వర్జ్యం ఏదీ చూడకుండా బయలుదేరాలి. ముదురాకుపచ్చ గుడ్డమీద ఆకుపచ్చ నీరు ఎవరికి కనిపిస్తుంది? మరక దాచడమే మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. ఆ రోజున మరక కనపడాలి.

నగల విషయం త్వరగా ముగిస్తాను. వుంగరాలు ఎనిమిదో నెలలోనే తీసేయండి, వేళ్ళు వాచిన తరువాత రావు. సీమంతపు గాజులు రెండు చేతులకూ మోచేతిదాకా వుంటే సెలైను సూది ఎక్కడ గుచ్చాలి? ఒక చేతికి వుంచుకుని రెండో చెయ్యి ఖాళీ చేయండి. గాజులు తీయడం అశుభమని పెద్దవాళ్ళు అంటే, నొప్పులు వచ్చాక చిట్లిపోయే గాజుకన్నా ముందే నూనె రాసి మెల్లగా తీసిన గాజు మేలని చెప్పండి. ఆపరేషనులో రక్తనాళాల కొసలను కరెంటు సాధనంతో మాడుస్తారు, వంటిమీద లోహముంటే అక్కడ కాలే ప్రమాదం వుంది గనుక మంగళసూత్రాలూ మట్టెలూ తీయమంటారు. ఆ సమయంలో భార్యాభర్తలు మొహమొహాలు చూసుకోవడం నేను చూశాను. దానికి మన పెద్దలే వుపాయం చెప్పి పెట్టారు: పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుంటే చాలు. ఇక గోరింటాకు. నెలలు నిండాక పుట్టింట్లో పదివేళ్ళకూ టోపీల్లాగా పెట్టడం మనకు సరదా. వంట్లో రక్తం సరిగా ఆడుతున్నదా అని డాక్టరు చూసేది గోళ్ళలోనే. ముదురు రంగు గోళ్ళమీద వేలికి తగిలించే యంత్రం కూడా ఒక్కోసారి సరిగా చెప్పదు. అరచేతిలో చందమామ పెట్టుకోండి, కనీసం రెండు వేళ్ళు వదిలేయండి. గోళ్ళరంగు అయితే తుడిచేయండి. జడ ఒకటి వేస్తే వీపుకింద నొక్కుకుంటుంది. బడిపిల్లల్లా రెండు జడలు వేసుకోండి, ఎవరు నవ్వినా సరే.

అత్తగారి చీరతో పనుందన్నాను కదా. అది చింపితే బంగారంలాంటి పొత్తిగుడ్డలవుతాయి. పుట్టకముందే బిడ్డకు కొత్తబట్టలు కొనరాదన్న మన ఆచారానికి కారణమేదైనా, అమ్మమ్మ చీరంత మెత్తటిది ఏ దుకాణంలోనూ దొరకదు. వుతికి ఎండబెట్టినదై వుండాలి, అంతే. నాలుగు పెద్ద ముక్కలు తుడవడానికి, మరో నాలుగు చుట్టడానికి. బిడ్డ తలకు ఒక టోపీ కూడా సంచిలో వేయండి. బిడ్డకు చలి పట్టేది తలనుంచే ఎక్కువ.

కాన్పయ్యాక తల్లికీ వణుకు వస్తుంది. ఎండాకాలమైనా సరే, పళ్ళు టకటకలాడతాయి. భయపడనక్కరలేదు గాని ఒక జత మేజోళ్ళు, ఒక దుప్పటి దగ్గర వుంటే సుఖం. ఆపరేషనయిన తల్లికి యింకో కష్టముంది. లంగా బొందు సరిగ్గా కుట్లమీదే పడుతుంది. లోదుస్తుల రబ్బరు కూడా అక్కడే. కనుక పొట్టపైదాకా వచ్చే పెద్దసైజువి కొనుక్కోండి, మొదటి వారాలు నైటీలతోనే గడపండి. చూడ్డానికి వచ్చిన చుట్టాలు "చీర కట్టుకోలేదేం?" అంటే కుట్లు చూపిస్తానని చెప్పండి, మళ్ళీ అడగరు. పొట్ట తగ్గుతుందని బిగించి కట్టే నడికట్టు విషయం డాక్టరునడిగి చేయండి. వూపిరాడనంత బిగువు ఏ పొట్టనూ తగ్గించదు. చెవుల్లో దూది పెట్టుకోవడం మీ అమ్మగారి తృప్తి కోసం పెట్టుకోండి, నష్టం లేదు.

ఇంటికి వచ్చేనాడు కొత్తచీర కట్టాలని అందరికీ వుంటుంది. తెలంగాణలో 2017లో సర్కారు ఆస్పత్రిలో కన్న తల్లులకు యివ్వడం మొదలుపెట్టిన కిట్టులో సబ్బూ నూనే బిడ్డ దుస్తులతోపాటు తల్లికి చీరలు కూడా పెట్టారు. ఆ ఆలోచన ఎవరిదోగాని నాకు నచ్చింది. బిడ్డ పుట్టగానే అందరి చూపూ బిడ్డమీదికి పోతుంది, తల్లి అదే మాసిన బట్టతో ఓ మూల కూర్చుంటుంది. మీ యింటినుంచి తెచ్చే చీర మాత్రం పట్టుది వద్దు. పాలు కారతాయి, బిడ్డ కక్కుతుంది, జరీ లేతచర్మానికి గీసుకుంటుంది. మంగళగిరిదో, వెంకటగిరిదో, ఒకసారి వుతికిన నూలుచీర, ముందు హుక్కులున్న వదులు జాకెట్టు చాలు.

మరి ఆ పాఠకురాలికి నా సలహా. వచ్చే పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మను సిగ్గుపడకుండా నాలుగు మాటలు అడుగు: నా నైటీ నేను వేసుకోవచ్చునా, గౌను తప్పదంటే రెండు యిస్తారా, తోడుగా ఒకరిని లోపలికి రానిస్తారా, బిడ్డను వెంటనే నా గుండెలమీద పెడతారా. జవాబులు వచ్చాక ఎనిమిదో నెల నిండేలోపల సంచి సర్దెయ్యి. పైన నైటీ, దానికింద తెల్లగుడ్డలు, దుప్పటి, మేజోళ్ళు, వేరే మూటలో పొత్తిగుడ్డలు, అట్టడుగున యింటికి వచ్చే చీర. పసుపుతాడు విడిగా చిన్న కవరులో. ఆ సంచి ఎక్కడ పెట్టావో మీవారికి చేత్తో పట్టుకుని చూపించు. అలమారలో వుందని నోటితో చెబితే వాళ్ళకు దొరకదు.